అందరూ చివరికి రక్షణలోకి వస్తారని నమ్మితే, మరి సంఘంలో ఎవరున్నట్టు?

ఎదురుచూపు:
అందరికీ వందనాలు. ఇక్కడ చాలాకాలంగా చదువుతున్నాను, రాయడం మాత్రం ఇదే మొదటిసారి.

మా సంఘంలో ఈ మధ్య సభ్యుల జాబితా కొత్తగా రాస్తున్నారు. ప్రతి ఒక్కరూ విశ్వాస ప్రమాణం చదివి సంతకం పెట్టాలి. పది అంశాలున్నాయి. తొమ్మిదింటికి నాకు ఏ అభ్యంతరమూ లేదు. పదోది, క్రీస్తును నమ్మకుండా చనిపోయినవాళ్లు అంతం లేని యాతనలో ఉంటారని. రెండేళ్లుగా వాక్యం చదువుతూ, ప్రార్థన చేసుకుంటూ నేను వేరే చోటికి వచ్చాను. తీర్పు ఉంది, అగ్ని ఉంది. అయినా చివరికి దేవుడు ఒక్కరినీ పోగొట్టుకోడని నమ్ముతున్నాను.

నరకం మీద వాదన కోసం ఈ పోస్టు పెట్టలేదు, దాని మీద ఇక్కడ చాలా చర్చలున్నాయి. నా టెన్షన్ వేరే. ఈ విషయం ఒక స్నేహితురాలికి చెబితే ఒకటే మాట అడిగింది. "ప్రతి ఆదివారం ప్రభువు బల్ల దగ్గరికి వచ్చే నువ్వూ, పదేళ్లుగా చర్చి గడప తొక్కని మీ తమ్ముడూ ఒకటేనా? అయితే సంఘం అంటే ఎవరు?" నోట మాట రాలేదు. సర్వరక్షణ నమ్మినవాళ్లు ఈ ప్రశ్నకు ఏం చెబుతారు? తెలిసినవాళ్లు చెప్పండి.

వాక్యపు గది:
సిస్టర్, మీ స్నేహితురాలు సరిగ్గా అడిగారు. 'ఎక్లేసియా' అన్న గ్రీకు మాటకే 'బయటికి పిలవబడినవారు' అని అర్థం. అందరూ లోపలే ఉంటే ఎవర్ని ఎక్కడినుంచి పిలిచినట్టు? ఇరుకు ద్వారం, గొర్రెలూ మేకలూ, బుద్ధిగల కన్యకలూ బుద్ధిలేని కన్యకలూ... ప్రభువు చెప్పిన ఉపమానాలన్నిటిలో ఒక గీత ఉంది. మత్తయి 25:46లో నిత్యశిక్ష, నిత్యజీవం పక్కపక్కనే ఉన్నాయి. 2 థెస్సలొనీక 1:9 కూడా చదవండి. మీ మనసు మంచిదని నాకు తెలుస్తోంది. కానీ గీత చెరిపేస్తే సంఘం మిగలదు, సువార్తా మిగలదు. ఆ పదో అంశం మీద సంతకం పెట్టలేకపోతే, పెట్టలేనని మీ పెద్దలకు నిజాయితీగా చెప్పండి. దాచి మాత్రం పెట్టొద్దు.

ఒలీవ కొమ్మ:
వాక్యపు గది అన్నా, చివరి మాట నాకూ నచ్చింది. దాచకూడదు.

ఇక ఎక్లేసియా సంగతి. ఆ మాటను క్రైస్తవులు పుట్టించలేదు. గ్రీకు పట్టణాల్లో పౌరులు కూడే సభ పేరు అది. అపొస్తలుల కార్యములు 19:39లో ఎఫెసు కరణం జనాన్ని శాంతింపజేస్తూ, క్రమమైన సభలో తేల్చుకోండి అన్నప్పుడు వాడిన మాట కూడా ఇదే. ఆ సభలో ఊరంతా ఉండదు. కానీ సభ కూడేది ఊరి పని కోసం. సభలో లేనివాళ్ల గోడలు, వాళ్ల నీళ్లు, వాళ్ల క్షేమం గురించే అక్కడ మాట్లాడతారు. పిలవబడినవాళ్లు కొందరే, పిలిచింది మాత్రం అందరి కోసం. యూనివర్సలిస్టులు, అంటే సర్వరక్షణ నమ్మినవాళ్లు, సంఘాన్ని చూసే తీరు దీనికి దగ్గరగా ఉంటుంది.

పౌలు, యాకోబు వాడిన బొమ్మ ఇంకా బాగుంటుంది. ప్రథమఫలం. యాకోబు 1:18లో విశ్వాసులు దేవుడు సృష్టించినవాటిలో ప్రథమఫలం వంటివాళ్లు. రైతు మొదటి పన తెచ్చి దేవునికి ఇస్తే, ఆ ఒక్క పనే దేవునిదని, మిగతా చేను పరాయిదని అర్థం కాదు. చేనంతా ఆయనదే అని ఒప్పుకోవడం అది. రోమా 11:16లో పౌలు ఇదే అంటాడు, మొదటి ముద్ద పరిశుద్ధమైతే ముద్దంతా పరిశుద్ధమే అని. అదే అధ్యాయం 32వ వచనానికి వచ్చేసరికి, అందరినీ కరుణించడానికే దేవుడు అందరినీ అవిధేయతలో మూసివేశాడు అని ముగిస్తాడు. ఆ అధ్యాయం ఇశ్రాయేలు గురించే అయినా, ఎన్నిక అంటే ఏమిటో అక్కడే తేటగా తెలుస్తుంది. కొందరిని ఎన్నుకోవడం మిగిలినవాళ్లను వదిలేయడానికి కాదు, మిగిలినవాళ్ల దగ్గరికి వెళ్లడానికి.

అందుకే 1 తిమోతి 4:10 మాకు ఇంత ప్రియం. దేవుడు మనుషులందరికీ రక్షకుడు, విశేషంగా విశ్వాసులకు. 'విశేషంగా' అన్నాడు గాని 'కేవలం' అనలేదు. ఆ 'విశేషంగా' అన్న మాటలోనే సంఘం ఉంది. మీ స్నేహితురాలి ప్రశ్నకు నా జవాబు ఇది. మీరూ మీ తమ్ముడూ ఇవాళ ఒకటి కాదు. మీకు తెలిసింది అతనికి ఇంకా తెలియదు, మీరు మోస్తున్నది అతను ఇంకా మోయడం లేదు. కానీ మీ ఇద్దరినీ కొన్నది ఒకే రక్తం.

పాత పుటలు:
ఈ ప్రశ్న చాలా పాతది. కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

సంఘానికి బయట రక్షణ లేదన్న మాటను ఎక్కువమంది కార్తేజి బిషప్పు సిప్రియన్‌కు ముడిపెడతారు. ఆయన 258లో హతసాక్షి అయ్యాడు. అయితే దాదాపు అదే మాటను ఆయనకు కాస్త ముందే అన్నది ఎవరో తెలుసా? ఓరిగెన్. యూనివర్సలిస్టులు తమ మూలపురుషుడిగా చెప్పుకునే అలెగ్జాండ్రియా ఓరిగెన్! యెహోషువ గ్రంథం మీద ప్రసంగం చేస్తూ, రాహాబు కిటికీకి కట్టిన తొగరుదారం క్రీస్తు రక్తమనీ, ఆ ఇల్లు సంఘమనీ, ఆ ఇంటికి బయట ఎవరూ రక్షింపబడరనీ అన్నాడు.

మొదటిసారి చదివినప్పుడు నేను పుస్తకం మూసి కాసేపు అలాగే కూర్చున్నాను. అంతా పునరుద్ధరింపబడుతుందని నమ్మిన మనిషే ఇంత గట్టిగా గీత గీశాడేమిటి? తర్వాత అర్థమైంది, ఆయనకు ఇందులో పేచీయే లేదు. ఇంటి బయట రక్షణ లేదు, నిజమే. కాబట్టి చివరికి అందరూ ఇంట్లోకి రావాలి. తలుపు మరణంతో మూతపడుతుందా లేదా అన్నదొక్కటే తేడా. మూతపడదని ఓరిగెన్ నమ్మాడు.

లేవీయకాండం మీద ఆయన చేసిన ఏడవ ప్రసంగం నాకు ఇంకా ఇష్టం. తండ్రి రాజ్యంలో మీతో కూడ తాగే దినం వరకు ద్రాక్షారసం తాగనని ప్రభువు అన్నాడు కదా. ఓరిగెన్ దాన్ని అక్షరాలా పట్టుకున్నాడు. క్రీస్తు ఇంకా ఆగి ఉన్నాడట. తన శరీరంలో ఒక్క అవయవం తక్కువైనా ఆయన సంతోషం పూర్తి కాదు. చివరి పాపిని, అందరికంటే చెడ్డవాణ్ణి, అంటే తనను, బాగుచేసేదాకా ఆయన ఎదురుచూస్తూనే ఉంటాడు. అబ్రాహాము, ప్రవక్తలు, అపొస్తలులు కూడా మన కోసం ఆగి ఉన్నారు. సంఘం అంటే ఇంకా నిండని శరీరం.

తర్వాతి శతాబ్దంలో నిస్సా బిషప్పు గ్రెగొరీ ఈ ఆలోచనను కొసదాకా తీసుకెళ్లాడు. 1 కొరింథీ 15:28లో కుమారుడు తండ్రికి లోబడతాడని ఉంది. కుమారుడు తక్కువవాడని చూపడానికి కొందరు ఆ వచనాన్ని వాడేవాళ్లు. దానికి గ్రెగొరీ జవాబు ఇదీ: అక్కడ లోబడేది క్రీస్తు శరీరం. ఆ శరీరమే సంఘం, చివరికి మనుష్యజాతి అంతా ఆ శరీరంలో చేరుతుంది. మనమంతా లోబడినప్పుడు, మన శిరస్సుగా ఆయన లోబడినట్టు. సంఘం హద్దు, మనుష్యజాతి హద్దు చివరి రోజున ఒకటైపోతాయి. ఆ రోజు వరకు మాత్రం ఒకటి కాదు.

వాక్యపు గది:
బ్రదర్, ఓరిగెన్‌ను సంఘం ఖండించిందని కూడా రాయాలి కదా. 553లో కాన్‌స్టాంటినోపుల్ సభ. సగం చరిత్ర చెబితే ఎలా?

పాత పుటలు:
చెప్పాల్సిందే అన్నా, వదిలేయడం నా తప్పే. 543లో జస్టీనియన్ చక్రవర్తి ఓరిగెన్ బోధలకు విరోధంగా శాసనం ఇచ్చాడు. 553 సభ నిర్ణయాల్లో మతభ్రష్టుల పేర్లతో పాటు ఓరిగెన్ పేరు ఉంది. పునరుద్ధరణను ఖండించే 15 శాపవచనాలు ఆ సభ అధికారికంగా చేసినవేనా అన్నదానిపై చరిత్రకారుల్లో ఏకాభిప్రాయం లేదు. వాటిలో మొదటిది ఖండించేది, ఆత్మలు పుట్టుకకు ముందే ఉన్నాయన్న బోధనూ, దాని నుంచి వచ్చే పునరుద్ధరణనూ. నిస్సా గ్రెగొరీకి ఆ మొదటి బోధ లేదు, ఆయన్ను ఏ సభా ఖండించలేదు, ఇప్పటికీ పరిశుద్ధుడిగానే గౌరవిస్తారు. అయినా ఆ ఖండన తర్వాత ఈ నమ్మకం చాలా శతాబ్దాలు సంఘం అంచుల్లోనే బతికింది. అది మీరన్నట్టే నిజం.

దూరపు దీపం:
నేను ఏ సంఘానికీ చెందను, కానీ ఈ చర్చ మనసుకు తగిలింది. ఒకటి అడగొచ్చా? మా నాన్న క్రైస్తవుడు కాదు. ఆయన నమ్మకాన్ని నిష్ఠగా పాటించి కన్నుమూశాడు. "చివరికి ఆయన కూడా మా సంఘంలోవాడే" అని మీరంటే నాకు ఓదార్పు కలగదు. ఆయన్ను అడగకుండానే పేరు రాసుకున్నట్టు ఉంటుంది. నరకానికి పంపడం కంటే మేలే. కానీ ఇది కూడా ఆయన ఎవరో చూడకపోవడమే కదా?

ఒలీవ కొమ్మ:
మీ ప్రశ్న చదివి వెంటనే రాయలేకపోయాను. మీరన్నది సరైనదే. కార్ల్ రానర్ అనే కాథలిక్ వేదాంతి ఇతర మతస్థుల్లో కృప పొందినవాళ్లను 'పేరు తెలియని క్రైస్తవులు' అన్నప్పుడు, కాథలిక్కుల్లోనే చాలామంది మీలాగే అడ్డుచెప్పారు. రానర్ యూనివర్సలిస్టు కాదు, కానీ మాలో చాలామందిమి అదే పొరపాటు చేస్తాం.

క్రీస్తుకు చెందడం వేరు, సంఘంలో సభ్యుడు కావడం వేరు అని నేను నమ్ముతున్నాను. మొదటిది ఆయన చేసిన పని. మీ నాన్నగారిని ప్రేమించడానికి ఆయన ఎవరి అనుమతీ అడగలేదు, సృష్టించడానికి అడగనట్టే. రెండోది మనిషి ఇచ్చే జవాబు. దాన్ని ఇంకొకరి తరఫున నేను ఇవ్వలేను. ఫిలిప్పీ 2:11లో ప్రతి నాలుకా ఒప్పుకుంటుందని ఉంది. అక్కడి గ్రీకు క్రియను కీర్తనల గ్రీకు అనువాదంలో దేవుణ్ణి సంతోషంగా స్తుతించడానికి వాడారు. మెడ వంచి చెప్పించేది స్తుతి కాదు. కాబట్టి మీ నాన్నగారి పేరు నేను ఏ జాబితాలోనూ రాయను. ఆయనకు క్రీస్తు ముఖాముఖిగా కనిపించే రోజు ఒకటుందని, ఆ రోజు ఆయన తన మాట తానే చెప్పుకుంటాడని మాత్రం నమ్ముతాను. ఆయన నిష్ఠ ఆ రోజు వృథా కాదని కూడా.

దూరపు దీపం:
ధన్యవాదాలు. ఒప్పుకున్నానని కాదు. కానీ మీరు ఆయన్ను మనిషిగా చూశారు.

పాత పుటలు:
ఒలీవ కొమ్మ గారు చెప్పిన ఈ తేడా దగ్గరే అమెరికాలో యూనివర్సలిస్టులు రెండు దారులు పట్టారు. జేమ్స్ రెల్లీ అనే బ్రిటిష్ బోధకుడు 1759లో ఒక పుస్తకం రాశాడు. ఆదాములో అందరూ ఉన్నట్టే క్రీస్తులో అందరూ ఇప్పటికే ఉన్నారన్నది దాని సారం. ఆయన శిష్యుడు జాన్ మర్రే 1770లో అమెరికా చేరాడు. ఈ లెక్కన విశ్వాసి అంటే కొత్తగా లోపలికి వచ్చినవాడు కాదు, తాను లోపలే ఉన్నానని తెలుసుకున్నవాడు. సంఘం అంటే నిద్రలేచినవాళ్లు.

రెండో దారి ఎల్‌హానన్ వించెస్టర్‌ది. ఆయన ఫిలడెల్ఫియాలో బాప్టిస్టు కాపరి. 1781లో ఈ నమ్మకం వల్ల అక్కడి సంఘం చీలిపోయింది. ఆయనతో బయటికి వచ్చినవాళ్లు 'యూనివర్సల్ బాప్టిస్టులు' అని పేరు పెట్టుకున్నారు. అంటే బాప్తిస్మం వదల్లేదు, మారుమనస్సూ వదల్లేదు. ప్రతి మనిషీ ఆ దారినే రావాలి, కొందరు మరణం తర్వాత, శుద్ధిచేసే శిక్ష గుండా వస్తారు. గ్రెగొరీ చెప్పిన అగ్నిలో బంగారం లాగా.

మర్రే అనుచరులు గ్లోస్టర్ అనే రేవు పట్టణంలో 1779లో ఒక సంఘంగా కూడారు. సంతకం చేసిన మొదటివాళ్లలో గ్లోస్టర్ డాల్టన్ అనే ఆఫ్రికన్ కూడా ఉన్నాడు. అప్పటి చట్టం ప్రకారం ఊరి పాత సంఘానికి పన్ను కట్టాలి. వీళ్లు కట్టకపోతే సామాను జప్తు చేశారు. మీరు అసలు సంఘమే కాదన్నది అవతలివాళ్ల వాదన. కోర్టు 1786లో వీళ్ల పక్షాన తీర్పిచ్చింది. అందరూ దేవుని కుటుంబమే అని నమ్మేవాళ్లు, తామూ ఒక సంఘమే అని కోర్టులో నిరూపించుకోవలసి వచ్చింది!

1803లో యూనివర్సలిస్టులు వించెస్టర్ అనే ఊళ్లో చేసిన విశ్వాస ప్రమాణంలో మూడే మూడు అంశాలు. దేవుడు మనుష్యకుటుంబం అంతటినీ చివరికి పరిశుద్ధతకూ సంతోషానికీ తిరిగి తెస్తాడన్నది రెండోది. పరిశుద్ధత, నిజమైన సంతోషం విడదీయరానివి, కాబట్టి విశ్వాసులు క్రమం పాటించి మంచి పనులు చేయాలన్నది మూడోది. అందులో సభ్యుల్ని వడపోసే మాట ఏదీ లేదు.

వాక్యపు గది:
ఆ తర్వాతది కూడా రాయండి బ్రదర్. 1961లో వాళ్లు త్రిత్వాన్ని ఒప్పుకోని యూనిటేరియన్లతో కలిసిపోయారు. ఇవాళ ఆ సంస్థలో సభ్యుడు కావడానికి క్రీస్తును ఒప్పుకోనక్కర్లేదు. గీత చెరిపేస్తే సంఘం మిగలదని నేను మొదట అన్నది దీని గురించే. నాకు నిజంగా బాధగా ఉంటుంది.

ఒలీవ కొమ్మ:
అన్నా, ఆ బాధ నాకూ ఉంది. అక్కడ గీత చెరిగిపోవడం కంటే ముందు మధ్యలో ఉన్నవాడు చెరిగిపోయాడని నా అభిప్రాయం. చేను ఎవరిదో మరిచిపోతే ప్రథమఫలం అన్న మాటకే అర్థం ఉండదు. సంఘం చుట్టూ గోడ లేకపోయినా పరవాలేదు, మధ్యలో బల్ల ఉండాలి. ఆ బల్ల ఎవరిదో అందరికీ తెలియాలి.

ఇంకొకటి, ప్రకటన గ్రంథం. 20వ అధ్యాయంలో అగ్నిగుండం అయిపోయింది. 21లో కొత్త యెరూషలేము, దాని గుమ్మాలు ఎప్పుడూ మూయబడవు. 19వ అధ్యాయంలో గొర్రెపిల్ల మీదికి యుద్ధానికి వచ్చిన భూరాజులు 21:24లో తమ మహిమను పట్టణంలోకి తెస్తున్నారు. 22:15లో ఇంకా బయట ఉన్నవాళ్లున్నారు. రెండు వచనాల తర్వాత ఆత్మ, పెళ్లికుమార్తె "రమ్ము" అంటున్నారు, దప్పిగొన్నవాణ్ణి రమ్మంటున్నారు. పెళ్లికుమార్తె అంటే సంఘమే కదా. బయట ఎవరూ మిగలకపోతే ఎవర్ని పిలుస్తోంది?

వాక్యపు గది:
ఆ పిలుపు ఇప్పుడు చదివేవాళ్ల కోసం అని నా నమ్మకం. కానీ భూరాజుల సంగతి నేనెప్పుడూ అలా గమనించలేదు. చదువుతాను.

కాపరి కర్ర:
నేను ఒక చిన్న సంఘానికి కాపరిని. సర్వరక్షణ బోధించను. అది నిజం కావాలని ప్రార్థించడం మాత్రం మానలేను. నాకు తెలిసిన ఒక్క విషయం రాస్తాను.

మా దగ్గర కూడా సభ్యుల జాబితా ఉంది. దాన్ని పరలోకపు జాబితా అని నేనెప్పుడూ అనుకోలేదు. ఎవరు జబ్బుపడితే నేను వెళ్లాలి, ఎవరి కోసం దేవునికి లెక్క చెప్పాలి, ఎవరు నన్ను నిలదీయొచ్చు, ఆ జాబితా దీని కోసం. గోధుమలూ గురుగులూ కోతదాకా కలిసి పెరగనివ్వండని ప్రభువే అన్నాడు. బయట ఎన్నో గొర్రెలు, లోపల ఎన్నో తోడేళ్లు ఉన్నాయని అగస్టీను అన్నాడు. ఆయన సర్వరక్షణకు గట్టి వ్యతిరేకి. చివరి లెక్క కాగితం మీద తేలదని ఆయనకూ తెలుసు.

వెలివేత గురించి ఎవరూ అడగలేదు గాని అది కూడా ఇక్కడికే వస్తుంది. 1 కొరింథీ 5లో పౌలు ఒకణ్ణి సంఘం నుంచి తీసివేయమన్నాడు. ఎందుకు? ప్రభువు దినంలో వాడి ఆత్మ రక్షింపబడాలని. 2 కొరింథీ 2లో శిక్ష పడిన ఒకణ్ణి క్షమించి ఓదార్చమంటాడు, లేకపోతే అతను దుఃఖంలో మునిగిపోతాడని. నేను ఇద్దరి విషయంలో ఆ పని చేయవలసి వచ్చింది. ఒకరు తిరిగొచ్చారు, ఒకరు రాలేదు. రాని ఆయన కుర్చీ వైపు ఇప్పటికీ చూస్తాను. పాత పుటలు రాసిన ఓరిగెన్ మాట చదివి, ఆ కుర్చీ వైపు నాకంటే ముందు నుంచి చూస్తున్నవాడు ఒకడున్నాడని అనుకున్నాను.

ఎదురుచూపు సిస్టర్, మీ పదో అంశం గురించి. 381 నాటి నైసియా ప్రమాణంలో అంతం లేని యాతన అన్న మాట లేదు. సజీవులకూ మృతులకూ తీర్పు, అంతం లేని రాజ్యం, ఒకే పరిశుద్ధ సార్వత్రిక సంఘం ఉన్నాయి. 1530లో లూథరన్లు తమ ఆగ్స్‌బర్గ్ ఒప్పుకోలులో, శిక్షకు చివరికి అంతం ఉంటుందన్న బోధను ఖండించారు. ఇంగ్లండు సంఘం 1553లో చేసిన 42 అంశాల్లో చివరిది దీని ఖండనే, 1563లో సవరించినప్పుడు దాన్ని తీసేశారు. అంటే సంఘాలు ఈ విషయంలో ఒకే గొంతుతో మాట్లాడలేదు. మీ పాస్టర్ గారి దగ్గర ఈ మాట ధైర్యంగా అనండి. ఆయన మాటా వినండి. ఆయన కూడా మీ కోసం లెక్క చెప్పాల్సినవాడే.

ఎదురుచూపు:
అయ్యగారూ, అందరికీ కృతజ్ఞతలు. మూడు రోజులుగా ఇవన్నీ మళ్లీ మళ్లీ చదివాను. దూరపు దీపం గారి ప్రశ్న దగ్గర చాలాసేపు ఆగిపోయాను, ఎందుకంటే తమ్ముడి విషయంలో నేను సరిగ్గా అదే చేస్తున్నాను. వాడెలాగూ చివరికి వస్తాడులే అని నాలో నేనే పేరు రాసేసుకుని, వాడితో మాట్లాడటమే మానేశాను. వాడు ఎందుకు వెళ్లిపోయాడో పదేళ్లలో ఒక్కసారీ అడగలేదు. నిన్న ఫోన్ చేసి అడిగాను. గంటసేపు చెప్పాడు. అందులో సగం తప్పు మాదే, ఇంటివాళ్లది. మళ్లీ రమ్మని అనలేదు, విన్నాను అంతే.

ఫారం నింపాను. తొమ్మిది అంశాల దగ్గర సంతకం పెట్టి, పదోది ఖాళీగా వదిలి, ఎందుకో పక్కన నాలుగు వాక్యాలు రాశాను. పాస్టర్ గారు చదివి శనివారం సాయంత్రం రమ్మన్నారు, పెద్దలు కూడా ఉంటారట. భయంగా ఉంది. ఏం జరిగినా ఇక్కడికి వచ్చి చెబుతాను.

వాక్యపు గది:
సిస్టర్, పదో అంశం మీద నా మాట మారలేదు. కానీ దాచకుండా రాశారు. శనివారం సాయంత్రం ఆ సమయానికి మోకాళ్ల మీద ఉంటాను. మీ తమ్ముడి కోసం కూడా. అతని పేరు చెప్పనక్కర్లేదు.